మూడు ఆఫీసులు, నాలుగో ఓటు

మామ పోయాడని పోయిన నెల కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. మామ నాకు చుట్టం కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వరికోత మిషన్లు కిరాయికిచ్చే మూడు ఆఫీసులకు ఓనరు. పనివాళ్లందరం మామ అనే పిలిచేవాళ్లం. "వయసైపోయిందిలే" అన్నవాణ్ని కొట్టాలనిపించింది.

ఒక్క ఆఫీసు మాట మీద ఆయన ఏనాడూ మిషన్ కదలనివ్వలేదు. "జర ఆగు, ఇంకో ఆఫీసోళ్లు కూడ ఊ అనాలె" అనేవాడు. ఒకే మిషన్‌ను ఇద్దరు రైతులకు ఒప్పుకుంటే, వాన వచ్చేసరికి ఒకరి చేను పడిపోతుంది మరి. ఫోన్ల మీద నడిచే ఆ పనిని కంప్యూటర్లకెక్కించమని నాకిచ్చాడు. నాకు డిగ్రీ లేదు, వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ని. ఒకే లెక్క అందరి కంప్యూటర్లలోనూ ఉండే బ్లాక్‌చెయిన్ పెడదామని ఎగిరాను.

ఆయన టేబుల్ మీద మూడు బోల్టులు పెట్టి, ఒకదాని మీద తువ్వాల కప్పాడు.

"కోదాడల కరెంటు పోయిందనుకో అల్లుడూ. ఏమైతది?"

"మిగతా రెండు ఒప్పుకుంటే చాలు మామా. కోదాడ ఒంటరిగ మాటియ్యదు."

రెండో బోల్టు మీదా కప్పాడు. "ఇప్పుడు?"

"అంతా ఆగిపోతది."

"మంచిదే. తప్పుడు మాట ఇచ్చుడు కన్న ఆగుడే నయం." తువ్వాల తీసి, మళ్లీ కప్పి చూసుకున్నాడు. ఏ కొత్త సంగతైనా ఆయన అలా చేత్తో తిప్పి చూడాల్సిందే. తర్వాత అడిగాడు: "అసలు నీ భయం దేనికిరా? కరెంటు పోతదనా, మనోళ్లల్ల ఎవడన్న అబద్ధమాడ్తడనా?"

బ్లాక్‌చెయిన్ అని అరిచే ఏ వీడియోలోనూ నన్నా మాట అడిగినవాడు లేడు. కరెంటు భయానికి రాఫ్ట్ అనే సాదా పద్ధతి చాలు, మూడింట్లో రెండు కలిస్తే పని సాగుతుంది. అబద్ధం భయానికి మూడు చాలవు; ఒకడు ఇటొకటి అటొకటి చెప్పినా మిగతా మూడు ఒక్కమాట మీద నిలవాలి, అందుకు నాలుగు ఓట్లుండాలి.

"రాఫ్టే పెట్టు. అబద్ధాల సంగతి నేన్ సూస్కుంట" అన్నాడు. చూసుకున్నాడు కూడా.

దినాలయ్యాక, ఆఫీసుకొకరుగా చూసుకునే ఆయన ముగ్గురు కొడుకులు ఒక గదిలో కూర్చున్నారు. చిన్నోడు తన దోస్తులకే మిషన్లు రాసుకుంటాడని పెద్దోడి అనుమానం. ఎవరి మిషన్లు వాళ్లు పట్టుకుపోదామన్నారు. అవతల సూర్యాపేట పక్క చివ్వెంల ఊరి రైతు కోతకొచ్చిన చేను పెట్టుకుని రెండ్రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మీ ముగ్గుర్ల ఒకరు అబద్ధమాడినా పని చెడని పద్ధతి ఉందన్నా. నాలుగో ఓటు కావాలె. ఎవలిది?"

గడప దగ్గర నిలబడ్డ అత్త, మామ భార్య, అంది: "నాలుగోది నా ఇంట్ల పెట్టు. మిషన్ ఎటు పోతే నాకేంది, కోత అయితే సాలు."

రాఫ్ట్ తీసేసి కొత్త పద్ధతి రాశాను. నాలుగింట్లో మూడు ఊ అంటేనే మిషన్ కదులుతుంది. అత్త ఇంట్లో కిటికీ దగ్గర, మిషన్ ఇంకెవరికీ రాయలేదని చూసి ఆమె తరఫున ఓటేసే చిన్న కంప్యూటర్ పెట్టె పెట్టాను. మొదట చివ్వెంల రైతు పేరే ఎక్కించాం.

"ఇది ఊ అన్నదని నాకెట్ల ఎరుక?" అడిగింది అత్త.

"పచ్చ లైటొస్తది అత్తా."

సూర్యాపేట ఒప్పుకుంది. కోదాడ ఒప్పుకుంది. మిర్యాలగూడ పలకలేదు. అత్త ముందున్న పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది, మూడో ఊ అదే.

మబ్బు కింద ట్రాలీ మీద మిషన్ చివ్వెంల దారి పట్టింది. అత్త కళ్లజోడు పైకి తోసుకుని, ఇంకా ఆ లైటు మీదికే వంగి చూస్తోంది.