సుగుణ మేడం, రొయ్య తలకాయలు, నా దగ్గు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను.

మేడం గురించి రాయడానికి పెద్ద చదువులవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కాలేజీ ల్యాబ్‌లో సీసాలు కడిగి రిటైరైనవాణ్ణి.

కానీ వాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

నిన్న పొద్దున టీ బంకు దగ్గర ఫోన్ తీస్తే మన కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో సుగుణ మేడం ఫోటో. దండతో.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. దండ అలాగే ఉంది.

తెలియనివాళ్లకి చెప్తాను. మేడం ఎక్కడో యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చెప్పి, రిటైరై నెల్లూరు వచ్చారు. ప్రతి గురువారం మా డిగ్రీ కాలేజీకి వచ్చేవారు. పిల్లల కోసం కాదు, లెక్చరర్ల కోసం. జవాబు ముందే తెలిసిన ప్రాక్టికల్స్ మానేసి, ఎవరికీ తెలియని ప్రశ్నని పిల్లల చేత ఎలా వెతికించాలో వాళ్లకి నేర్పేవారు.

మధ్యలో నా సంగతి కొంచెం. పదో తరగతి తప్పాను. సీసాల మీద లేబుళ్లు చదివి ఇంగ్లీషు, పిల్లలు వదిలేసిన రికార్డులు చదివి కెమిస్ట్రీ నేర్చుకున్నాను. పరీక్ష రోజు నాదొక విద్య ఉండేది. ట్యూబులో ఉన్నది గ్లూకోజ్ అయితే ఒక దగ్గు. ఫ్రక్టోజ్ అయితే రెండు. ఎన్ని బ్యాచ్‌లు నా దగ్గు మీద పాసయ్యాయో!

మొదటి గురువారం మేడం లెక్చరర్లకే ట్యూబులిచ్చి ఏముందో కనుక్కోమన్నారు. వాళ్లలో సగం మంది మా పాత స్టూడెంట్లే. అలవాటు కొద్దీ అందరూ నా వైపు తిరిగారు.

"రమణయ్యా, దగ్గి లాభం లేదు. అందులో ఏముందో నాక్కూడా తెలీదు" అన్నారు మేడం.

ఆ పద్ధతి లెక్చరర్లలో అందరికంటే ప్రసాద్ సార్‌కి బాగా ఎక్కింది. ఇందుకూరుపేట వైపు నుంచి రొయ్య తలకాయలు తెప్పించాడు. వాటిలో మాంసాన్ని అరిగించే ఎంజైమ్ ఉంటుంది. ఐస్ లేకుండా ఉంచితే అది ఎంతసేపు పనిచేస్తుంది? ఇదీ పిల్లల ప్రశ్న. ఎంజైమ్ బలంగా ఉంటే ట్యూబులో నీలం రంగు ముదురుతుంది.

బుధవారం పొద్దున లేత నీలం వచ్చింది. మధ్యాహ్నానికి ఇంకా తగ్గాలి కదా?

ముదిరింది.

"ఏంది రమణన్నా, తిరగబడిందే! రేపు మేడం వస్తారు గదా" అన్నాడు ప్రసాద్ సార్. మళ్లీ చేయమని పిల్లలకి చెప్పాడు.

నా కళ్ల ముందు చదువుకున్నవాడు. పరువు పోతుందేమోనని నాకు భయం.

గురువారం, ఎవరూ చూడకుండా, మధ్యాహ్నం పరీక్షకి పెట్టిన ట్యూబుల్ని, రంగు మందు కలపకముందే, కాసేపు మరిగే నీళ్లలో ముంచి తీశాను. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. రంగు తగ్గింది. అచ్చం మనం అనుకున్నట్టే.

మేడం రెండు రోజుల నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"నిన్నటిదే నాకు నచ్చింది ప్రసాద్. ఎందుకట్లా వచ్చిందో చూడాల. మళ్లీ చేయించు."

మళ్లీ చేయించాడు. నేను మళ్లీ ముంచాను. ఒకసారి మొదలుపెట్టాక ఎలా ఆపాలో తెలియలేదు.

"మొదటి రోజు నేనే ఏదో తప్పు చేసినాను మేడం. నా వల్ల కాదు" అని ప్రసాద్ సార్ పాత మాన్యువల్‌కి వెళ్లిపోయాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ. కొన్నాళ్లకి గురువారాలు ఆగిపోయాయి.

చివరి రోజు మేడం మెట్ల మీద ఆగారు.

"తప్పు వచ్చినా పర్లేదని పిల్లలకి చెప్పగలిగినాను రమణయ్యా. ప్రసాద్‌కి ఆ ధైర్యం ఇయ్యలేకపోయినాను."

అప్పుడే చెప్పాల్సింది.

దగ్గొచ్చింది.

"మందేసుకో" అని ఆటో ఎక్కారు.

ఆమె ఇల్లు మా వీధికి రెండు స్టాపుల దూరం. ఈ మాట చెప్పడానికి ఒక్కసారైనా వెళ్లలేదు.

నిన్న సాయంత్రం ఆ ఇంటి ముందు ప్రసాద్ సార్ కనిపించాడు. అక్కడే, చెప్పులు విడిచేచోట, అంతా చెప్పేశాను.

"ఇన్నేళ్లూ నా చెయ్యే మంచిది కాదనుకున్నా గదన్నా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మేడం, మొదటి రోజు రంగులో నా చెయ్యి లేదు. మీరు బాగానే నేర్పారు. ఆయన బాగానే నేర్చుకున్నాడు. ఆ దిగులు ఇక్కడే దించేసి ప్రశాంతంగా వెళ్లిరండి.

ఇది రాస్తుంటే ప్రసాద్ సార్ ఫోన్ చేశాడు.

"రేపు రొయ్య తలకాయలు తెచ్చిపెట్టన్నా. ఐస్ వద్దు. ల్యాబ్‌లోకి మాత్రం నువ్వు రావద్దు."

సరేనన్నాను.