ముల్లు దుమికిన చోటు

మా ఇంటాయన పుంగనూరు బ్యాండు మేళంలో ట్రాంబోన్ వాయించేవాడు. ముందుకూ వెనక్కూ జరిగే గొట్టం ఉంటుందే, ఆ ఇత్తడి బూర. మదనపల్లెలో పనిచేసిన ఒక దొర డాక్టరు, డెబ్బైల మొదట్లో తన దేశానికి వెళ్ళిపోతూ, ఈయనకు ముల్లు ఆనించి పాటలు వినే ఒక రికార్డు ప్లేయరునూ ఒకే ఒక ఎల్పీ రికార్డునూ ఇచ్చిపోయాడు. అందులో ఉన్నవి అమెరికాలో నల్లవాళ్ళు వాయించిన ట్రాంబోన్ పాటలు. ఆ రకాన్ని బీబాప్ అంటారని ఈయన చెబితే విన్నాను. నాకైతే తేనెటీగలు తరిమినట్టుండేది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఇంట్లో వస్తువు పాడుకానివ్వను, మురికి ఉండనివ్వను. రికార్డు వచ్చిన నెలలోనే దాని మీద చెనిక్కాయ నూనె చుక్క పడింది. కొబ్బరిపీచుకు బూడిద అద్ది, చుక్క పడిన చోట గట్టిగా తోమి, నీడలో ఆరబెట్టాను. ఆ సాయంత్రం ఆయన పెట్టుకుని విన్నాడు. మూడో పాట మధ్యలో ఠక్కున తెగి, ఎక్కడికో దుమికి, అక్కడినుంచి సాగింది.

"ఏమప్పా, నేను తోమినందుకు చెడిపోయిందా?" అని అడిగాను.

"లేదు మే. ఆ పాట అట్లే ఉంటాది."

నమ్మాను. ఆ పాటల్లో ఏది తిన్నగా ఉంది గనక?

ఆయన ఆ పాటను దుముకుతో సహా మేళానికి నేర్పించాడు. సోమల పోయినా బి.కొత్తకోట పోయినా పెళ్ళి మెరవణిలో జనం అదే అడిగేవాళ్ళు. ఎగిరేవాళ్ళు ఆ చోటికి రాగానే కాలు గాల్లో నిలిపి, డ్రమ్ము దెబ్బకు ధబీమని దూకేవాళ్ళు. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో నేనే పదిమందిని పిలిచి చూపించాను.

"ఆ దుముకు సూడండి. అమెరికావాళ్ళు పెట్టింది. మావాళ్ళు తప్ప ఇంకెవరూ పట్టలేరు."

దమ్ము తీసుకోవడానికి పక్కకొచ్చిన మా మేళం క్లారినెట్టు సాయిబు వక్కాకు నములుతూ తల ఊపాడు.

పన్నెండేళ్ళ తర్వాత ఆ సాయిబే బెంగుళూరు నుంచి ఒక కొత్త ఎల్పీ తెచ్చాడు. మన పాత రికార్డునే కంపెనీవాళ్ళు మళ్ళీ వేశారట. అట్ట మీద అదే బొమ్మ. కుప్పంలో పెళ్ళి ఒప్పుకుని ఉన్నారు కాబట్టి మేళమంతా ఆ మధ్యాహ్నం మా వసారాలోనే. అందరికీ రాగిముద్దలు పెట్టి, నేనూ గడప దగ్గర కూర్చున్నాను.

మూడో పాట వచ్చింది. తెగాల్సిన చోట తెగలేదు. నేనెన్నడూ వినని ముక్క మొదలైంది. ట్రాంబోన్ ఒక్కటే, మనిషి తనలో తాను మాట్లాడుకున్నట్టు, నిదానంగా.

సాయిబు తొడ చరిచి నవ్వాడు. "వదినా, నువ్వు బూడిద పెట్టి తోమేసిన ముక్క ఇదే సూడు! ఇన్నాళ్ళకు దొరికె!"

"నోరు మూసుకోప్పా," అన్నాడు మా ఆయన.

నేను లేచి మా ఆయన ఎదుట నిలబడ్డాను. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ పొద్దే తెలుసు. ముల్లు దుమికితే నాకు తెలీదా?"

"వీళ్ళకు?"

ఎవరూ తల ఎత్తలేదు. డ్రమ్ము వాయించేవాడు ముద్ద గొంతులో అడ్డంపడి నీళ్ళు తాగాడు.

"యాల చెప్పలేదు?"

"చెప్తే బాధపడ్తావని."

"తిట్టింటే ఆ పూటకు ఏడ్చి ఊరకుందును. నేను ఊరూరా గొప్పలు చెప్పుకుంటాంటే, అందరూ సూస్తా ఉండారా?"

"ఆ దుముకు బాగనే ఉండాది కదమే..."

నేను లోపలికి పోయాను. రికార్డు చెడగొట్టింది నేనే, కాదనను. దాచలేదు, వెంటనే అడిగాను. అడిగినదానికి ఆయన అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని ఊళ్ళవెంట బ్యాండు పెట్టి వాయించాడు. నా చేతి తిండి తిన్న అంతమందిలో ఒక్కడైనా నా చెవిలో వేయలేదు.

బయలుదేరేముందు మా ఆయన వచ్చి అడిగాడు: "కుప్పంలో ఏది వాయించమంటావు? పాతదా, కొత్తదా?"

"నన్నడగొద్దు," అన్నాను.

ఏది వాయించారో ఈ రోజు వరకూ నేను కనుక్కోలేదు. ఆ తర్వాత ఆయన పులుసు బాగుందని చెప్పినా, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నేను రుచి చూసుకున్నాకే మారు వడ్డించేదాన్ని.