జడుపు తగిలిన పిల్ల

జగ్గయ్యపేటలో పిల్లలు జడుసుకుంటే రహీమాబీ దగ్గరికి తీసుకెళ్లేవారు. కుక్క మీదికి ఉరికినా, పిడుగు పడినా పిల్ల ఒళ్లు ఒక్కసారిగా వెనక్కి ముడుచుకుంటుంది. ఆ భయం లోపలే ఉండిపోయి జ్వరంగా కాస్తుంది. దాన్నే జడుపు అంటారు. రహీమాబీ నల్లదారానికి ఏడు ముడులు వేసి చేతికి కట్టి, నుదుటి మీద మెల్లగా ఊదేది. ఆ ఊపిరికి గదిలో గాలి కూడా నెమ్మదించినట్టుండేది.

1958 వేసవిలో ఒక ఉదయం దుర్గాంబ ఆరేళ్ల కూతురిని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ, మా ప్రమీల జడుసుకుంది. పొయ్యిలోకి పత్తికంప లాగుతుంటే పాము కనబడిందంట. తొందరగా దారం కట్టు."

జడుసుకున్న పిల్ల కళ్లు ఇంతేసి చేసుకుని తల్లిని కరుచుకుంటుంది. ఈ పిల్ల ఏడవడం లేదు. రెప్పలు తడిసిన రెక్కల్లా వాలిపోతున్నాయి. రహీమాబీ చేతిలో దారం రెండో ముడి దగ్గర ఆగింది.

"చూసి వెనక్కి దూకిందా అమ్మాయ్, దూకాక చూసిందా?"

"ఏదైతే ఏంటి? జడుసుకుందంటున్నాగా!"

రహీమాబీ పిల్ల చెవి దగ్గర వంగి అదే అడిగింది. ప్రమీల నాలుక మడతపడింది.

"చెయ్యి చురుక్కుమంది... లాక్కున్నా... అప్పుడు నల్లతాడు కదిలింది."

చూడకముందే వెనక్కి వచ్చిన చెయ్యి. వేలి కణుపు దగ్గర రెండు ఎర్రటి చుక్కలు, నువ్వుగింజలో సగం కూడా లేవు.

"ఇది జడుపు కాదే. కరిచింది. నందిగామ ఆస్పత్రికి పద."

"వాపు లేదు, మంట లేదు, కరవడమేంటి? చేతగాకపోతే చేతగాదని చెప్పు!"

రహీమాబీ పిల్లను ఎత్తుకుని రోడ్డెక్కింది, దుర్గాంబ వెంటపడింది. సున్నపురాయి లారీ ఆపారు. డ్రైవరు ప్రేమదాసు నవ్వాడు. "నీ దారం తెగిందా పిన్నీ, నా లారీ ఎక్కుతున్నావ్?" పిల్ల మెడ ఒరిగిపోవడం చూశాక మరి నవ్వలేదు.

ఎండ తెల్లబట్టలా దారి పొడుగునా పరుచుకుని ఉంది. పిల్ల ఊపిరికీ ఊపిరికీ మధ్య దూరం పెరుగుతోంది. "ఇంకొక్కటి తీసుకో తల్లీ, ఇంకొక్కటి," అంటోంది రహీమాబీ. దుర్గాంబ మాత్రం "జడుసుకుంది, అంతే. జడుసుకుంది, అంతే," అని జపంలా అంటూనే ఉంది.

కట్లపాము కాటు అన్నాడు డాక్టరు; దానికి వాపూ మంటా ఉండవట, మత్తే కమ్ముతుందట. సూదులు వేశారు. మూడో రోజున ప్రమీల కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. దుర్గాంబ రహీమాబీ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"బతికింది కదా పిన్నీ, ఇంకా దిగులేంటి?"

రహీమాబీ మెల్లగా చేతులు విడిపించుకుంది. నిరుడు వత్సవాయి నుంచి కృష్ణయ్య తన కొడుకుని తెచ్చాడు. ముందు ఉలిక్కిపడి వెనక్కి దూకాడని, తర్వాతే పాముని చూశాడని చెప్పాడు. ఆ మాట విని కూడా ఆమె ఏడు ముడులూ వేసింది. కునుకు పట్టింది, మంచిదే అంది. తెల్లారేసరికి పిల్లవాడు లేడు. జడుపు గట్టిగా తగిలిందని ఊరంతా అనుకుంది. కృష్ణయ్య మళ్లీ వచ్చి, శ్రమ తీసుకున్నావమ్మా అని ఆమెకే దణ్ణం పెట్టి వెళ్లాడు.

ప్రమీల కళ్లు తెరిచిన ఆ మధ్యాహ్నం రహీమాబీ ఇంటికి వెళ్లలేదు. వత్సవాయి బస్సెక్కి, కృష్ణయ్య దగ్గర ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటూ, కిటికీ కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.