మెడ వెడల్పు గిటార్

మా నాన్న వెర్నియర్ కాలిపర్స్ జేబులో పెట్టుకుని గిటార్ కొనడానికి బయల్దేరాడు. హౌరా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, కొలవకుండా దేన్నీ నమ్మడు. గిటార్ నాకు. "నీకు కొలవడం ఏటొచ్చురా? నానొత్తాను," అన్నాడు. వద్దనే అలవాటు మా ఇంట్లో పెద్దగా లేదు.

గిటార్ మెడ పైచివర ఆరు తీగలూ వరసగా కూర్చునే సన్నటి తెల్ల పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని నట్ అంటారు. ఆ మాట చెప్పగానే నాన్న, "మరి బోల్టేదిరా?" అన్నాడు. అది జోకు కాదు. నట్ ఎంత వెడల్పుంటే తీగల మధ్య అంత ఎడం. చవక గిటార్లలో సాధారణంగా నలభై మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు మనిషికి చాలు. నా ఎడమచేతి మధ్యవేలూ ఉంగరపు వేలూ మామూలువి కావు. కణుపుల దగ్గర లావు, కాస్త పక్కచూపు. ఒక తీగను నొక్కితే పక్క తీగ నోరు కూడా మూసేస్తాయి. తీగలన్నీ కలిపి బాదేవాళ్లకు ఇది లోపమే కాదు, ఆ గోలలో కొట్టుకుపోతుంది. వేళ్లతో ఒక్కో తీగా మీటే ఫింగర్‌స్టైల్‌లో మాత్రం మూగపోయిన ప్రతి తీగా పట్టుబడుతుంది. నాకు కావలసిందేమో అదే.

అప్పటికి నాలుగు కొట్లు తిరిగాను. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మెడ మీద నా వేళ్లు ఒక ఒడ్డునుంచి ఇంకో ఒడ్డుకు చేరలేదు. సరిపోయే వెడల్పున్నవి నా జీతానికి సరిపోలేదు. ఈ ఐదో కొట్టులోనూ దొరక్కపోతే ఇక ఆ వేళ్లకు పని చెప్పడం మానేద్దామనుకున్నాను.

వేళ్ల సంగతి కూడా చెప్పాలి. పన్నెండో తరగతిలో ఉండగా ఒకరోజు చర్చి గిటార్ ఇంటికి తెచ్చుకుని వాయిస్తున్నాను. నాన్న షిఫ్టు దిగొచ్చి పిలిచాడు. నాకు వినబడలేదు. రెండోసారి పిలవడం ఆయన పద్ధతి కాదు. రెండడుగుల స్టీలు స్కేలు తీసుకుని, గిటార్ మెడ మీదున్న నా చేతిని కొట్టాడు. బల్లపరుపుగా కొట్టి ఉంటే వాచి తగ్గేది. అంచుతో కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న అమ్మకు కూడా వినబడింది. గిటార్‌కు మాత్రం గీత కూడా పడలేదు. చర్చి సొత్తు కదా. పనితనం ఉన్న చెయ్యి.

ఆస్పత్రిలో ఎలా జరిగిందని డాక్టరు అడిగితే, అమ్మ తనకొచ్చిన బెంగాలీలో ఒక్క మాట చెప్పింది. "దర్జా." బెంగాలీలో తలుపు. తలుపు సందులో పడ్డాయని ఆవిడ ఉద్దేశం. తెలుగు దర్జా వేరే ఉందని డాక్టరుకు తెలియదు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ సంగతి పేరే దర్జా. "దర్జా అయిన ఏడాది" అనేది అమ్మ, ఏదో శుభకార్యం జరిగినట్టు. ఆవిడ పోయాక కూడా ఆ మాట ఇంట్లో మిగిలింది.

ఐదో కొట్టు భవానీపూర్‌లో మా ఆఫీసు వెనక గొందిలో ఉంది. యజమానికి తలకూ భుజాలకూ మధ్య ఉండవలసింది దాదాపు లేదు. ఉన్నంతవరకూ లావుగా ఉంది. మేం వెళ్లేసరికి ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్నాడు. ఫోన్ బల్ల మీద విసిరికొట్టి మా వైపు తిరిగాడు.

నాన్న బెంగాలీ వర్క్‌షాపులో నేర్చింది. పనిముట్ల పేర్లొచ్చు, బూతులొచ్చు, మధ్యలోది రాదు. ఆ రోజు మర్యాదగా ఉందామనుకున్నట్టున్నాడు. అందరూ అనే 'నెక్' మానేసి 'గలా' అన్నాడు. గలా అంటే గొంతు. వెడల్పుకు మాట దొరక్క 'మోటా' అన్నాడు. అంటే లావు.

"దాదా, మోటా గలా చాయ్! హాతే ధొరే దేఖ్‌బో!"

లావు గొంతు కావాలి, చేత్తో పట్టుకుని చూస్తాను, అని. మెషీన్ల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతుతో. చూపించింది గోడకు వేలాడుతున్న గిటార్లనే, కానీ అవి యజమాని తల వెనక ఉన్నాయి. చూపించింది వెర్నియర్‌తో, దాని దవడలు తెరిచి.

యజమాని వివరణ అడగలేదు. వెర్నియర్‌ను ఒక్క దెబ్బతో నేల మీదికి పంపాడు. నాన్న కాలరు పట్టుకుని బల్ల మీదికి లాగాడు. కాలరు చినిగి చేతిలోకొచ్చాక గొంతు దొరికింది. నాన్న చాచి అతని చెవి మీద కొట్టాడు. ఆ చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ పరిచయమే, బయటినుంచి వినడం మాత్రం మొదటిసారి. ఇద్దరూ వెళ్లి గోడకు గుద్దుకున్నారు. ఒక గిటార్ ఊడిపడింది. దాని తీగ తెగి నా చెంపను గీసుకుంటూ పోయింది. యజమాని పెదవి చిట్లి రక్తం కారుతోంది. నాన్న మొహం నల్లబడుతోంది.

"ఒరే... సూత్తున్నావేట్రా!" అన్నాడు. అందులో సగం గాలే.

చూస్తున్నాను. ఒక్క మాట చెబితే ఆగిపోతుందని తెలుసు. ఆ మాట నోట్లోనే ఉంది. వెంటనే చెప్పలేదు. మరీ ఎంతోసేపు కాదు, ఒక ఊపిరి తీసుకుని వదిలేంత. ఆ ఊపిరి చాలా హాయిగా ఆడింది.

తర్వాత వాళ్ల మధ్య చెయ్యి దూర్చి అరిచాను. "గిటారేర్ గలా, దాదా! గిటారేర్!"

యజమాని నాన్న గొంతును చూశాడు, గోడను చూశాడు, వదిలేశాడు. పెదవి తుడుచుకుంటూ, "ఆరే కాకూ, నెక్ బోల్‌బేన్ తో!" అన్నాడు. నెక్ అని చెప్పొచ్చుగా, అని.

నాన్న దగ్గు ఆపుకుని నాతో తెలుగులో అన్నాడు. "ఈడికి బెంగాలీ రాదురా."

యజమాని మంచినీళ్ల సీసా తెచ్చి నాన్నకు ఇచ్చాడు. అప్పుడు బల్ల మీదున్న నా ఎడమచెయ్యి అతని కంట్లో పడింది. "ఎటా కీ హొయేఛే, భాయ్?" ఇదేమైంది, అని.

నా కంటే ముందు నాన్న జవాబిచ్చాడు. "దర్జా."

"దర్జా నొయ్," అన్నాను. తలుపు కాదు.

అంతే. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఏ భాషలోనూ అనలేదు. యజమాని నన్ను చూశాడు, నాన్నను చూశాడు. తొందరపడి వదిలేశానా అన్నట్టు తన చేతుల్ని చూసుకున్నాడు.

ఇంకేమీ అడక్కుండా అటక మీంచి దుమ్ముపట్టిన గిటార్ ఒకటి దించాడు. పేరు లేని సరుకు, ప్లైవుడ్ ఒళ్లు. మెడ మరీ వెడల్పని ఎవరూ కొనలేదట. నాన్న వంగి నేల మీంచి వెర్నియర్ తీసి నట్ కొలిచాడు. మూడుసార్లు కొలిచాడు. ముప్ఫై ఏళ్లు అదే పని చేసినవాడికి రెండోసారే అక్కర్లేదు.

"నలబై ఐదు," అన్నాడు, తల ఎత్తకుండా.

నొక్కి చూశాను. రెండు వంకర వేళ్లూ వేటి తీగల మీద అవి దిగాయి. పక్క తీగ మీటాను. మోగింది. దాని పక్కదీ మోగింది. ఆరూ ఒక్కొక్కటిగా మీటేసరికి నాన్న గుమ్మంలోకి వెళ్లి వీధివైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

హౌరా బస్సులో ఆయనకు సీటు దొరికింది. గిటార్‌ను ఒళ్లో నిలబెట్టి పట్టుకున్నాడు. చొక్కాకు కాలరు లేదు, గొంతు మీద యజమాని వేళ్లు ఐదూ ఉన్నాయి. జనం పెరిగాక కండక్టరు ఆ గిటార్‌ను డ్రైవరు పక్కన పెడతానని చెయ్యి చాపాడు. నాన్న ఆ చేతిని ఠపీమని కొట్టాడు.

"ముట్టుకున్నావంటే ఏళ్లు ఇరిసేత్తాను!"

కండక్టరు ఏదో గొణుక్కుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. అతనికి తెలుగు రాదు. ఆ బస్సులో ఆ మాట అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. అనేశాక నాన్నకూ అర్థమైంది.