ఎర్రమట్టి గోడ కింద

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను కారెక్కించి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూపిస్తానని తీసుకువెళ్లింది. నాకు చూపించడమేమిటి, నేను పుట్టి పెరిగింది ఆ దిబ్బల వెనక ఊళ్లోనే కదా అంటే వినలేదు. ఇంట్లో బిందెడు నీళ్లుండగా దారిలో సీసా నీళ్లు కొన్నది, అప్పుడే నాకు ఒళ్లు మండింది. తీరా దిగి చూస్తే అక్కడ జాతర. ఎర్రగోడల మీదకి ఎక్కేవాళ్లు, జారేవాళ్లు, తిన్నవాటి కవర్లు తిన్నచోటే విసిరేవాళ్లు. ఒక కుర్రవాడు గోడ అడుగున చతికిలబడి తాళంచెవితో తన పేరూ పెళ్లాం పేరూ చెక్కుతున్నాడు. అక్కణ్ణుంచి లేవరా అని అరిచాను. వాడు నవ్వి, "మామ్మగారూ, కొంచెం సైడవ్వండి, ఫొటోలో పడతన్నారు" అన్నాడు. మా మనవరాలు నా రెక్క పట్టుకుని, "అందరితోటీ గొడవెట్టకు మామ్మా" అని నన్నే కసిరింది.

గొడవ పెట్టుకోకపోతే ఎలా? ఆ దిబ్బల సంగతి నా ఈడువాళ్లలో కొందరికైనా తెలుసు. సముద్రం వెనక్కి పోయిన కాలంలో గాలి తెచ్చి పోసిన ఇసుకట, బోర్డు మీద రాసి ఉంటే మనవరాలు చదివింది. అయ్యుండవచ్చు, నా చదువు మూడో తరగతితో ఆగింది. నాకు తెలిసిందల్లా అది రాయీ కాదు, పూర్తిగా మట్టీ కాదు, చూడటానికి కోటగోడలా నిలబడి వేలితో గీస్తే రాలిపోయే వస్తువని. ఏటా వానలకి కొత్త సందులు కోసుకుపోయేవి, నిరుడు నడిచిన దారి ఈ ఏడు ఉండేది కాదు. గోడల్లో బొరియలు చేసుకుని ఆకుపచ్చ పిట్టలు కాపురముండేవి, గొంతు కింద నీలం సంచి ఊపుకుంటూ తొండలు మమ్మల్ని బెదిరించేవి, పొద్దువాలితే జీడితోటల్లోంచి నక్కలు దిగేవి. పైన కురిసిన వాన ఇసుకలో ఇంకి ఇంకి, అడుగున గట్టి పొర తగిలినచోట ఊటగా బయటికొచ్చేది. అందుచేత మండువేసవిలో కూడా గోడ పాదం చెమ్మగా ఉండేది. ఆ చెమ్మలోనే ఉంది ప్రాణం మీదికి తెచ్చే సంగతంతా.

ఊళ్లో అమ్మవారి పండగకి ముందు ఆడవాళ్లందరం ఇళ్ల గోడలు అలకడానికి అక్కణ్ణుంచే మట్టి తెచ్చుకునేవాళ్లం. పడిన మట్టి ఎత్తుకోవాలి, నిలబడిన గోడని ముట్టుకోకూడదు, అదీ కట్టుబాటు. కానీ గోడ పాదంలోని తడిమట్టి వెన్నలా ఉంటుంది, అలికితే పొడి రాలదు. దాని మీద ఆశ పడ్డది మా పిన్ని, అంటే మా చిన్నాన్న భార్య, మా అమ్మకు తోటికోడలు.

వాళ్లిద్దరికీ మాటల్లేవు. రెండు పొలాల గట్టు మీద తనంత తాను మొలిచిన జీడిచెట్టు పిక్కలు ఎవరివన్న తగవుతో మొదలై, ఎదురుపడితే ఉమ్మేసేదాకా వచ్చింది. మాటలు లేకపోయినా తిట్లు ఆగుతాయా, మధ్యలో గుంటని, అంటే చిన్నపిల్లని, నేనున్నాను కదా. ఒకరికొకరు చెప్పదలుచుకున్నదంతా నాకు చెప్పేవారు. ఆ రోజూ అంతే. అమ్మ దూరంగా రాలిన మట్టి గంపకెత్తుతోంది, పిన్ని గునపంతో గోడ పాదాన్ని తొలుస్తోంది.

"సూడే గుంటా, గోడ కిందన తవ్వితే పైది మీద పడతాది అని సెప్పే" అంది అమ్మ.

పిన్ని తలెత్తకుండానే, "మంచి మట్టి నాకెక్కడ దొరికేత్తాదో అని మీ అమ్మకి కడుపుమంట. జీడిపిక్కలు మింగింది సాల్లేదేటి, మట్టి కూడా కావాలేటి, అడగవే!" అంది.

"నాను మట్టి మింగడం కాదు, మట్టే దాన్ని మింగుతాది అని సెప్పే."

నేను నోరు తెరవకముందే పిన్ని పంతానికి ఇంకో మూర లోపలికి తవ్వి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ గూట్లో తలపెట్టింది. చెప్పింది వేరెవరైనా అయితే మానేసేదేమో. ఇంతలో గోడ పైనుంచి దారంలా సన్నగా ఇసుక జారి ఆమె వీపు మీద పడటం మొదలుపెట్టింది. పిన్ని వీపు దులుపుకుని, "ఏటే, మీ అమ్మ నా మీద మట్టి జల్లుతాందేటి!" అని కేకేసింది.

అమ్మ అప్పటికే పైకి చూసింది. నాతో చెప్పమనలేదు. గంప వదిలేసి పరిగెత్తి, పిన్ని జుట్టుముడి దొరకబుచ్చుకుని కుక్కను లాగినట్టు ఈడ్చింది. గోడ పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. మూటలు దించినట్టు మెత్తగా కూలి, పిన్ని కూర్చున్నచోట నిలువెత్తు కుప్పయింది. గునపం, గంప అన్నీ దాని అడుగునే. కొత్త గునపం. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధే.

పిన్ని నోట్లో మట్టి ఉమ్మి, నా వైపు తిరిగింది. "నా జుత్తు మీద సెయ్యేసే హక్కు ఎవులిచ్చారో అడగవే మీ అమ్మని!"

"బతికున్నోళ్లకే జుత్తు నొప్పెడతాది అని సెప్పే" అని అమ్మ తన గంప నెత్తికెత్తుకుంది.

కలిసిపోయారనుకుంటున్నారేమో, లేదు. జీడిపిక్కల పగతో అమ్మ తనని చంపబోయిందని పిన్ని ఊరంతా చాటింది, సగం ఊరు నమ్మింది కూడా. జరిగింది నేను చెబుతానంటే అమ్మ నోరుముయ్యమంది. అలాగే ముసలివాళ్లయ్యారు. అమ్మ పోయిన రోజున పిన్ని వచ్చి తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. నన్ను పిలిచి, "మీ అమ్మకి సెప్పే..." అని మొదలుపెట్టి, నా మొహంలోకి చూసింది.

ఆ గోడ ఉన్న వైపంతా ఇప్పుడు చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. పిట్టలు ఏ గోడ వెతుక్కున్నాయో, ఊట ఎటు తిరిగిందో. పట్నంలో, సీతమ్మధారలో మేముండే అపార్ట్‌మెంటులో ఎవరికీ ఎవరితోనూ తగవు లేదు. లిఫ్టులో కనిపిస్తే అందరూ నవ్వుతారు, ఆ నవ్వు నాకు గిట్టదు. మా అమ్మా పిన్నీ ఒకరినొకరు కనిపెట్టుకున్నంత శ్రద్ధగా ఈ కాలంలో స్నేహితులు కూడా కనిపెట్టుకోవడం లేదు.