చార్టు లేని పాఠం

కోటిలింగాల రేవులో పీకల్లోతు నీళ్లలో నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను: ఇందులో ప్రతి ముక్కా నిజం.

రాజమండ్రిలో ఒక బీఈడీ కాలేజీలో, రేపటి తెలుగు టీచర్లకు పాఠం చెప్పడం నేర్పే ఉద్యోగం నాది. ఏటా పాఠ్యపథకాల రికార్డులు కట్టలుగా నా బల్ల మీద పడతాయి. అన్నీ సీనియర్ల దగ్గర తెచ్చుకుని దించినవే. ఒక మహానుభావుడు సంవత్సరం ఒక్కటే మార్చి, తేదీలు అలాగే ఉంచేశాడు. పాపం, ఆదివారాలు కూడా బడికెళ్లి పాఠం చెప్పాడు! చూడకుండా సంతకం పెట్టింది నేనే. అయినా "సొంతంగా ఆలోచించండయ్యా" అని అరుస్తూనే ఉంటాను.

ఈ ఏడు ఒకమ్మాయి నా మాట నమ్మింది. మండపేటలో రైసుమిల్లు కూలీ కూతురు. ఆఖరి పరీక్ష పాఠంలో మంచి మార్కులొస్తే అక్కడి ప్రైవేటు బడిలో ఉద్యోగం ఖాయం.

ఆ రోజు ఏడో తరగతికి సంభాషణ రాయడం నేర్పాలి. వెనక బెంచీలో బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, పక్కన నేను. ఆ అమ్మాయి చార్టు తేలేదు. కిటికీ చూపించింది. బయట సందులో ధాన్యం లారీ, దానికెదురుగా ట్రాక్టరు. రెండూ కదలడం లేదు.

"వాళ్లేమనుకుంటున్నారో మీరు చెప్పండర్రా!"

"ఎనక్కి తియ్యవయ్యా, ధాన్యం తడిసిపోద్ది!"

"నేను తియ్యను, మా మావ పెళ్లికెళ్లాలి!"

"ట్రాక్టరేసుకునా?"

గది గొల్లుమంది. కాసేపటికి అందరి నోటుపుస్తకాలూ నిండాయి. లారీ డ్రైవరు దిగొచ్చి, పిల్లలు రాసిన తన మాటలు కిటికీలోంచి తనే సరిదిద్ది వెళ్లాడు.

పరీక్షాధికారి గొంతు సవరించుకున్నారు. "చార్టేదమ్మా?"

"ఆ లారీయేనండి."

"దాన్ని రికార్డులో అంటిస్తావా?" అని నా వైపు తిరిగారు. "ఏంటి మాస్టారూ, మీరు నేర్పిందేనా?"

నేను లేచాను. "కాదండి. ఇన్నేళ్లలో నాకు చేతకానిది. ఆ చార్టులు మీ గుమ్మానికి కట్టుకోండి" అన్నాను. ఆయన అక్కడికక్కడే పూర్తి మార్కులు వేశారు.

ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి చెప్పేస్తాను. డ్రైవరు నిజంగానే వచ్చాడు. లేవనిది నేనే. కూర్చున్న చోటి నుంచే, "చార్టు తెమ్మనే చెప్పానండి" అన్నాను. ఆయన వేసిన అత్తెసరు మార్కుల కింద నేనూ సంతకం చేశాను. ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

వరండాలో ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది.

"ఎప్పుడు చెప్పారండి?"