వేలికంటిన సున్నం

మా పక్కింటక్క పోయిందన్న కబురు నాకు ఆదివారం ఉదయం ఫోనులో తెలిసింది. మానుకోటలో ఉంటున్న ఆమె కూతురు చేసింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గోడకొరిగి కూసున్నది. గట్లనే పోయింది" అంది. ఆ సమయంలో నా ఒడిలో తువాలు చుట్టిన ముసలి పిల్లి ఉంది. నాలుగు రోజులకని కూతురింటికి వెళ్ళిన అక్క తిరిగి రాకపోవడంతో, ఆ వారం దానికి మందు గోలీ వేసే పని ఒక్కదాన్నే చేస్తున్నాను. ఫోను పెట్టేశాక నాకు మొదట కలిగింది దుఃఖం కాదని ఒప్పుకోవాలి. ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి రెండేళ్ళుగా నా దగ్గర ఉంది. అది ఇక ఆమెకు చేరదన్న భయం కలిగింది.

జనగామలో మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ మాత్రమే ఉంది. ఆమె దంతాలపల్లి దగ్గరి తండాలో పుట్టి, మేకల మధ్య పెరిగి, భర్త రైల్వే ఉద్యోగం వల్ల ఈ ఊరు చేరింది. ఆయన పోయాక ఇక్కడే ఒంటరిగా ఉండిపోయింది. నేను డిగ్రీ కాలేజీలో రసాయన శాస్త్రం బోధించి రిటైరైనదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి మీదా ఆధారపడలేదు. ఆ సంగతి అవసరం లేని చోట కూడా చెప్పుకునే అలవాటు నాకుంది.

ఆమె నన్ను "పంతులమ్మా" అని పిలిచేది. నేను లెక్చరర్నని మొదట్లో ఒకటి రెండుసార్లు సవరించాను.

"కాలేజీల జెప్పినా, బడిల జెప్పినా సుద్దముక్క వట్టుకున్నోళ్ళంత పంతులమ్మలే. నీ సుద్దముక్క ఏమన్న బంగారుదా?" అంది.

మా ఇద్దరినీ దగ్గర చేసింది మా బూడిద. బూడిద రంగు ఆడపిల్లి కాబట్టి ఆ పేరు పెట్టాను. పగలంతా నా ఇంట్లో నిద్రపోయి, సాయంత్రం గోడ ఎక్కి కూర్చునేది. అక్క అవతల నిలబడి, కోడికూరలోంచి కడిగి తీసిన మెత్తటి ముక్కలు దానికి తినిపించి, వేళ్ళు నాకించుకునేది. దానితో మాత్రం తన ఇంటి భాషలో మాట్లాడేది. "ఏం చెప్తున్నవక్కా?" అని అడిగితే, "నీ మీద చాడీలు" అని నవ్వేది. ఆకు నమిలి ఎర్రబారిన పళ్ళు అప్పుడు కనిపించేవి.

బూడిదకు పన్నెండేళ్ళు దాటాక తిండి తగ్గింది. వాంతులు మొదలయ్యాయి, నీళ్ళు మాత్రం విపరీతంగా తాగేది. పశువుల దవాఖాన డాక్టరమ్మ రక్తం తీసి హైదరాబాదుకు పంపించింది. రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉందని తేలింది. స్కానింగులో గడ్డలేవీ కనిపించలేదు. ముసలి పిల్లులకు ఇలా రావడం ఉన్నదేననీ, చాలాసార్లు కారణం దొరకదనీ, పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంచుకోవచ్చనీ ఆమె ఓపికగా వివరించింది. కారణం దొరకదన్న మాట ఒక్కటే నాకు మింగుడుపడలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క గోడ దగ్గరే ఎదురుచూస్తోంది. నోట్లో ఆకువక్క ఉంది.

"ఏమన్నరు పంతులమ్మా?"

"నెత్తుర్ల కాల్షియం ఎక్కువున్నదట."

"ఎక్కువుంటె మంచిదే గద? కాల్షియం తక్కువున్నదని మా బిడ్డకు గోలీలిచ్చిరి."

"ఎక్కువైతే మూత్రపిండాలు ఖరాబైతయి. రాళ్ళు గట్టుతయి."

"అసలు కాల్షియం అంటె ఏందే?"

నేను తరగతిలో చెప్పే గొంతుతో "సున్నం" అన్నాను.

అక్క తన చూపుడువేలు చూసుకుంది. అప్పుడే ఆకుకు రాసిన సున్నం వేలి కొసన తెల్లగా ఉంది. "గిదేనా?" అని మెల్లగా అడిగింది.

"రోజూ ఆ వేళ్ళే గద నాకుతది. మరి ఎక్కడినుంచి వచ్చిందనుకున్నవ్?" అన్నాను.

వేలికంటిన సున్నంతో ఒక జంతువు రక్తం అంతగా మారదని నాలోని లెక్చరరుకు ఆ క్షణంలోనే తెలుసు. కాని నాకు ఒక కారణం కావలసి వచ్చింది. అది నా ఇంట్లో కాక గోడ అవతల దొరికితే మరీ సౌకర్యంగా ఉంటుంది. అక్క మర్నాడు ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ అన్నీ వీధి చివర కూరగాయలమ్మే ఆమెకు ఇచ్చేసి వచ్చింది. "పదమూడో యేట మొదలువెట్టిన. ఇగ సాలు" అంది. తర్వాత కొన్ని వారాలు తలనొప్పితో బాధపడింది. సోంపు నమిలి చూసింది. "నోరు ఊకుంటలేదు పంతులమ్మా, ఎవలనన్న తిట్టాలనిపిస్తున్నది, నువ్వు దగ్గరగున్నవ్ జర జాగ్రత్త" అనేది. పిల్లిని తాకే ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేది.

మూడు వారాల తర్వాత, భూపాలపల్లికి బదిలీ అయిన డాక్టరమ్మ ఫోను చేసి బూడిద ఎలా ఉందని అడిగింది. మాటల్లో, ఇంట్లో ఎవరైనా విటమిన్ డి పొడి వాడుతున్నారా, అది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది అంది. నేనే వాడుతున్నాను. నా ఎముకల కోసం వారానికొకసారి పాలలో కలుపుకుని తాగి, గ్లాసు అడుగున మిగిలినది ముద్దుగా బూడిద గిన్నెలో పోసేదాన్ని. సరిగా కరగని పొడి అడుక్కు చేరుతుందని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేనే. "అదే కారణమని కచ్చితంగా చెప్పలేను గాని, ఇకమీదట దాని నోటికి తగలనివ్వకండి మేడమ్" అంది డాక్టరమ్మ. నేను సున్నం సంగతి కదిపాను. ఆమె నవ్వింది. "వేలికంటిన సున్నంతోనా? కెమిస్ట్రీ చెప్పినవాళ్ళు మీరే అట్లంటే ఎట్ల మేడమ్?"

ఫోను పెట్టి బయటికి వచ్చాను. గోడ అవతలి నుంచి అక్క అడిగింది, "ఫోనుల డాక్టరమ్మనా? ఏమన్నది?"

"అంతే. జాగ్రత్తగా చూసుకోమన్నది" అన్నాను.

రెండు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే కాల్షియం కొంత దిగింది. అక్క సంబరం చూడాలి. "చూసినవా! నేను సున్నం ఇడిశిపెట్టంగనే దిగింది!" అని వీధిలో పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను. ఫోను వచ్చిన రోజున ఊరుకోవడం పిరికితనం అనుకుంటే, ఆ తల ఊపడం దొంగతనం.

కాల్షియం దిగింది గాని మామూలు స్థాయికి రాలేదు. అప్పటి నుంచి మా ఇద్దరి రోజులూ బూడిద చుట్టూ తిరిగాయి. ప్యాకెట్లలో దొరికే పొడి తిండి మానిపించాం. తిండిలో ఎప్పుడూ తడి ఉండేలా చూశాం. తిండి దగ్గర పెట్టిన నీళ్ళు అది ముట్టదని కనిపెట్టి ఇంట్లో నాలుగు మూలలా నీళ్ళ గిన్నెలు పెట్టింది అక్కే. చివరకు దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ వారానికొక గోలీ రాసింది. ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి దిగకుండా ఆపే మందు; ఆ పొడి కాదు, నా ఎముకలకు నేను విడిగా వేసుకునే గోలీయే, పిల్లికి తగిన చిన్న మోతాదులో. ఆదివారం పరగడుపున వేయాలి. గోలీ గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది కాబట్టి వెంటనే సిరంజితో కొద్దిగా నీళ్ళు పట్టాలి, ముక్కు మీద వెన్న రాయాలి. అది వెన్న నాకే కొద్దీ లాలాజలం ఊరి గోలీ లోపలికి జారుతుంది. నా గోలీ కూడా ఆదివారమే.

"ఇద్దరు ముసలోళ్ళకు ఒక్కటే మందు. పంతులమ్మా, నువ్వు మింగినంక నీ ముక్కుకు గూడ వెన్న రాయాల్నా?" అనేది అక్క.

పిల్లిని పట్టుకోవడం నాకు చేతకాదు. గట్టిగా పట్టి భయపెట్టేదాన్ని. ఆమె తువాలులో చుట్టి ఒడిలో పెట్టుకుంటే అది కిక్కురుమనేది కాదు. "పట్టు గట్టిగుండాలె గని చేతిల కోపం ఉండొద్దు" అని నేర్పింది. మరోసారి, "దానికి తొందర లేదు, నీకే ఉన్నది" అంది. నా జీవితంలో నాకు పాఠం చెప్పి, నేను ఎదురు చెప్పకుండా విన్న మనుషులు తక్కువ. దాదాపు రెండేళ్ళు ప్రతి ఆదివారం ఆమె మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాను. ప్రతి ఆదివారం చెప్పాలనుకున్నాను. వచ్చే వారం చెబుదామని వెన్న గిన్నె మూత పెట్టేదాన్ని. తప్పు చేశానని ఒప్పుకోవడం కన్నా, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న నన్ను ఎక్కువ భయపెట్టేది. వారం గడిచేకొద్దీ ఆ ప్రశ్న మరింత పెద్దదయ్యేది.

దినాలకు మానుకోట వెళ్ళాను. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళాక, కూతురు పెరట్లో గిన్నెలు తోముతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, దాచకుండా అంతా చెప్పాను. పాలగ్లాసు సంగతి, డాక్టరమ్మ ఫోను సంగతి, వీధిలో నేను తల ఊపిన సంగతి.

ఆమె చేతిలో గిన్నె ఆగింది. "గట్లయితే మా అమ్మకెందుకు చెప్పకపోతివి చిన్నమ్మా?" అంది. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే.

"తప్పైంది బిడ్డా" అన్నాను.

ఆమె ఆ గిన్నె కడిగి బోర్లించి, చిన్నగా నవ్వింది. "అమ్మ ఆకు మొత్తం మానలే. ఈడికొచ్చినప్పుడు రెండ్రోజులు ఏసుకునేది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

నాకూ నవ్వు వచ్చింది. ఒక్క క్షణం బరువు దిగినట్టనిపించింది.

"జనగామ రైలెక్కేముందు మాత్రం గా నల్లా కాడ కూసుండేది. పులుపుకు సున్నం కరుగుతదని నువ్వే చెప్పినవట గద. చింతపండువెట్టి తోమేది. గోర్ల సందుల పుల్లవెట్టి గీకేది. వేళ్ళు ఎర్రగయ్యేదాక ఇడిశిపెట్టకపోయేది. అయినంక నా మొకం ముంగట పెట్టి, 'చూడు బిడ్డా, జర మంచిగ చూడు, యాడన్న ఉన్నదా' అని అడిగేది. ఏం లేదే అని నేను అన్నంకనే రైలుకు లేచేది."

ఎలా అడిగేదో చూపించడానికి ఆమె తన తడి చేతులు నా వైపు చాచింది. పది వేళ్ళూ విడివిడిగా ఉన్నాయి. వాటి కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవరో ఒక మాట అంటారని కనిపెట్టుకుని ఉన్నట్టు, ఆ చేతులు కాసేపు అలాగే నా ముందు నిలిచి ఉన్నాయి.